సాక్షి ధర్మం: కొండచరియల మీది కాకోలాల గూళ్ళ పరిశీలనపై ఒక విచారణ

బాధను కళ్ళారా చూస్తూ, దాన్ని తొలగించే శక్తి ఎంతో కొంత ఉండి కూడా చేయి చాచకుండా నిలబడటం ధర్మమయ్యే సందర్భం ఉంటుందా అన్న ప్రశ్న మతతత్త్వ చింతనలో చాలా పాతది. లోకంలో ఇంత దుఃఖం ఉండగా ఈశ్వరుడు ఎందుకు ఊరకున్నాడని నిలదీసినవారూ, ఆత్మను కర్తృత్వం అంటని సాక్షిగా నిరూపించినవారూ, ఉపేక్షను సాధనలో ఉన్నతమైన మెట్టుగా చెప్పినవారూ వేర్వేరు దారుల్లో ఈ ప్రశ్న దగ్గరికే వచ్చారు. అయితే ఈ చర్చ సాధారణంగా దేవుడి గురించో ముక్తపురుషుడి గురించో సాగుతుంది గాని, చూడటమే పనిగా పెట్టుకున్న మామూలు మనుషుల గురించి సాగదు. బ్రిటన్ పర్వత ప్రాంతాల్లో ఏటేటా గూళ్ళు కట్టే కాలంలో కాకోలాలను కనిపెట్టి చూసే పరిశీలకుల పని ఈ లోటును పూరించగల ఉదాహరణ. జ్ఞానం కోరే చూపూ, చూసినదాన్ని చూసి కలిగే జాలీ, ఆ జాలిని అదుపులో ఉంచే నిగ్రహమూ అక్కడ ఒకే మనిషిలో ఒకే గడియలో ఎదురుపడతాయి.

కాకోలం అంటే ఇంగ్లీషులో రావెన్ అని పిలిచే పెద్ద కాకి. దాని శాస్త్రనామం కార్వస్ కొరాక్స్. తెలుగువారి పెరళ్ళలో తిరిగే కాకికి ఇది దాదాపు నాలుగు రెట్లు బరువు, రెక్కలు చాచితే నాలుగడుగుల వెడల్పు. ఉత్తరార్ధగోళంలో చాలా దేశాల్లో ఉంటుంది; భారతదేశంలో హిమాలయాల ఎత్తుల్లోనూ వాయవ్యపు ఎడారి ప్రాంతాల్లోనూ కనిపిస్తుంది గాని తెలుగు నేల మీద ఉండదు. బ్రిటన్‌లో ఒకప్పుడు పట్టణాల వీధుల్లో సైతం తిరిగిన ఈ పక్షిని గొర్రెపిల్లలకూ వేటపక్షులకూ శత్రువని తరతరాలుగా చంపడంతో, పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అది ఎక్కువగా వేల్స్, లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లాండ్‌లలోని కొండలకూ పడమటి సముద్రతీరపు చరియలకూ పరిమితమైపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వేట తగ్గి, చట్టం రక్షణ కల్పించిన తర్వాతే అది మెల్లగా తూర్పు వైపు తిరిగి వ్యాపించింది.

ఈ పక్షి గూడు పెట్టే కాలం దానికదే ఆలోచింపజేస్తుంది. మిగతా పక్షులు వసంతం కోసం ఎదురుచూస్తుండగా కాకోలాల జంట ఫిబ్రవరిలోనే పాత గూటిని పుల్లలతో బాగుచేసుకుని, లోపల గొర్రె ఉన్ని, వెంట్రుకలు, నాచు పరుచుకుంటుంది. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నడిమి వరకు ఆడపక్షి నాలుగు నుంచి ఆరు వరకు లేతనీలం ఆకుపచ్చ కలిసిన గుడ్లు పెట్టి, కొన్నిసార్లు వీపు మీద మంచు పడుతున్నా కదలకుండా సుమారు మూడు వారాలు పొదుగుతుంది. ఆ రోజుల్లో మగపక్షి తెచ్చి పెట్టేదే దానికి ఆహారం. ఇంత చలిలో ఎందుకంటే, పిల్లలు బయటికి వచ్చేసరికి శీతాకాలపు బాధకు చచ్చిన గొర్రెల కళేబరాలూ, ఈనే కాలంలో పడే మావీ, పుట్టగానే చనిపోయిన గొర్రెపిల్లలూ కొండ మీద సమృద్ధిగా దొరుకుతాయి. అంటే ఒక ప్రాణి కుటుంబం నిలబడే కాలం మరొక ప్రాణి చావుల కాలంతో సరిగ్గా కలిసేలా ప్రకృతి లెక్క కుదిరింది.

పరిశీలకుల పని ఈ లెక్కను వెంటాడుతుంది. మొదటి విడతలో దూరం నుంచి టెలిస్కోపుతో చూసి, జంట ఆకాశంలో పల్టీలు కొడుతూ ఎగురుతోందా, గూటిపై కొత్త పుల్లలు కనిపిస్తున్నాయా, బండ మీద తెల్లని రెట్టచారలు ఉన్నాయా అన్న ఆనవాళ్ళతో ఆ చరియలో కాపురం ఉందో లేదో తేలుస్తారు. రెండో విడతలో ఆడపక్షి పొదుగుతోందా అని, మూడో విడతలో పిల్లలు వచ్చాయా అని, చివరి విడతలో ఎన్ని పిల్లలకు రెక్కలొచ్చి గూడు విడిచాయని చూస్తారు. కొందరు శిక్షణ పొంది, అనుమతి తీసుకుని, తాళ్ళతో దిగి పిల్లల కాళ్ళకు సంఖ్య చెక్కిన చిన్న లోహపు కడియాలు తొడుగుతారు. బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ 1939 నుంచి నడుపుతున్న గూళ్ళ నమోదు పథకంలోనూ, స్కాట్లాండ్‌లో 2002లో మొదలైన రాప్టర్ మానిటరింగ్ స్కీమ్‌లోనూ ఇలాంటి నమోదులు చేరతాయి. ఈ పనికి ఒక నియమావళి ఉంది: నమోదు కంటే పక్షి క్షేమం ముందు. చలివాన కురిసేటప్పుడు తల్లిని గూటి మీంచి లేపితే గుడ్లు చల్లబడతాయి. రెక్కలు పూర్తిగా రాని పిల్లలు బెదిరితే ముందే దూకేస్తాయి. కాబట్టి ఎప్పుడు వెళ్ళాలో తెలియడం కంటే ఎప్పుడు వెళ్ళకూడదో తెలియడమే ఈ పనిలో పెద్ద విద్య. ప్రతి అడుగూ ప్రాణిహింస జరగకుండా చూసి వేయాలన్న జైనుల ఈర్యాసమితి నియమం ఇక్కడ మతాచారంగా కాక పనిపద్ధతిగా కనిపిస్తుంది.

మనుషులు ఈ జాతి పక్షులను చూడటం కొత్త కాదు. కానీ చాలాకాలం తమ కోసమే చూశారు. రోమన్ శకునశాస్త్రంలో కూతతో ఫలితం చెప్పే పక్షుల్లో కాకోలం ఒకటి. తెలుగు ఇళ్ళలో కాకి అరిస్తే చుట్టాలు వస్తారనుకోవడమూ, శ్రాద్ధంలో కాకి పిండం ముట్టేదాకా ఎదురుచూడటమూ ఆ కోవలోవే. పక్షి అక్కడ వార్తాహరుడు, వార్త మనిషిది. పశ్చిమాసియా మతగ్రంథాల్లో దృష్టి కొంత మారింది. లేవీయకాండం కాకోలాన్ని తినకూడని అపవిత్ర పక్షుల జాబితాలో చేర్చినా, అదే సంప్రదాయంలో కెరీతు వాగు దగ్గర దాక్కున్న ఏలీయా ప్రవక్తకు ఆహారం మోసుకొచ్చింది కాకోలాలే. కీర్తనల గ్రంథం దేవుడు కాకి పిల్లల మొర విని వాటికి ఆహారమిస్తాడని చెబుతుంది. లూకా సువార్తలో యేసు, విత్తకుండా కోయకుండా బతికే ఈ పక్షులను చూసి చింత మానమని శిష్యులకు బోధిస్తాడు. అందరికంటే సూటిగా మాట్లాడేది యోబు గ్రంథం. తన పిల్లలు ఆకలితో అలమటిస్తూ దేవుడికి మొరపెట్టేటప్పుడు కాకోలానికి ఆహారం సమకూర్చేది ఎవరని అక్కడ దేవుడే యోబును అడుగుతాడు. అది ప్రశ్న గాని ప్రకటన కాదు. పైగా పోషణను ప్రస్తావించిన ఆ వాక్యంలోనే ఆకలి కూడా ఉంది.

గూళ్ళ నమోదులు ఈ వాక్యానికి ఒక వ్యాఖ్యానంగా నిలుస్తాయి. మొదట అవి ఒక అపనిందను తొలగిస్తాయి. కాకోలం తన పిల్లలకు నల్లని ఈకలు వచ్చి తన రంగును గుర్తుపట్టేదాకా వాటికి సరిగా తిండి పెట్టదని ఏడో శతాబ్దపు సెవిల్ నగర బిషప్ ఇసిడోర్ రాశాడు. ఆ నమ్మకం మధ్యయుగపు జంతుగ్రంథాల్లో చాలాకాలం నిలిచింది. గూటిని నిజంగా చూసినవారికి కనిపించేది తద్విరుద్ధం: తల్లీ తండ్రీ ఇద్దరూ ఐదు నుంచి ఏడు వారాలు తెరిపి లేకుండా మేత మోస్తారు. కానీ అదే నమోదు రెండో సత్యాన్నీ బయటపెడుతుంది. తల్లి అన్ని గుడ్లూ పెట్టకముందే పొదగడం మొదలుపెట్టడం వల్ల పిల్లలు ఒకేసారి కాక ముందూ వెనకా బయటికొస్తాయి. ఆహారం చాలని సంవత్సరాల్లో చివరగా పుట్టిన చిన్నపిల్ల పెద్దవాటితో పోటీపడలేక చనిపోతుంది. ఐదారు గుడ్లు పెట్టిన గూటి నుంచి సాధారణంగా రెండు మూడు పిల్లలే ఎగిరిపోతాయి. మొరపెట్టిన పిల్లలన్నీ తినలేదు.

దీన్ని మతచింతకులు గుర్తించకపోలేదు. పన్నెండో శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ తన ‘గైడ్ ఫర్ ది పర్‌ప్లెక్స్‌డ్’ మూడో భాగంలో దైవసంరక్షణ అనే భావాన్ని చర్చిస్తూ, ఒక్కొక్క వ్యక్తి మీద దృష్టి పెట్టే సంరక్షణ మనుషులకే వర్తిస్తుందనీ, మిగతా ప్రాణుల విషయంలో దేవుడు కాపాడేది జాతిని గాని ప్రతి జీవినీ కాదనీ తేల్చి, కాకోలాల పిల్లల గురించిన కీర్తనను కూడా ఆ అర్థంలోనే తీసుకోవాలన్నాడు. తర్కానికి ఇది నిలుస్తుంది. కాకోల జాతి నిలిచే ఉంది. అయితే గూటి అంచున నోరు తెరిచిన చివరిపిల్లను టెలిస్కోపులో చూస్తున్న మనిషి ముందున్నది జాతి కాదు, ఒక్క జీవి. జాతిని కాపాడే దేవుడితో సమాధానపడినవాడికి కూడా, ఆ ఒక్క జీవి ముందు తన కర్తవ్యం ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నకు తొలిచూపులో సిద్ధంగా దొరికే జవాబు సాక్షిభావం. ఒకే చెట్టు మీద వాలిన రెండు పక్షుల్లో ఒకటి ఫలం తింటుంటే రెండోది తినకుండా చూస్తూ ఉంటుందన్న ముండకోపనిషత్తు దృష్టాంతాన్ని భోక్త అయిన జీవుడికీ, భోగం అంటని పరమాత్మకూ సంకేతంగా వేదాంతులు వివరించారు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలు పురుషుడికి, అంటే శుద్ధచైతన్యానికి, సాక్షిత్వం, మాధ్యస్థ్యం, ద్రష్టృత్వం, అకర్తృత్వం లక్షణాలుగా చెప్పాయి. చూస్తాడు, పక్షం వహించడు, చేయడు అని వాటి సారం. ఎదుటి కొండ మీద కదలకుండా కూర్చుని, కనిపించినదాన్ని మాత్రమే రాసుకునే పరిశీలకుడు పైకి ఈ వర్ణనకు అచ్చంగా సరిపోతాడు.

కానీ ఆ సామ్యం రెండు చోట్ల విరిగిపోతుంది. సాంఖ్యుల పురుషుడు ప్రకృతికి వెలుపలివాడు. పరిశీలకుడు అదే ప్రకృతిలో ఒక శరీరం, అతని రాకపోకలు గూటి మీద ప్రభావం చూపుతాయి. అంతకంటే ముఖ్యం, ఇక్కడ చూడబడేది కూడా చూస్తుంది. కాకోలాలు మనిషి చూపు ఎటు మళ్ళిందో గమనించి, అడ్డుగోడ వెనుక ఏముందో చూడటానికి స్వయంగా పక్కకు జరుగుతాయని 2004లో థామస్ బుగ్న్యార్, బెర్న్డ్ హైన్రిచ్ తదితర పరిశోధకులు ప్రకటించారు. 2016లో బుగ్న్యార్ బృందం మరో ప్రయోగం వెల్లడించింది: గదుల మధ్య చిన్న రంధ్రం తెరిచి ఉండి, అవతల నుంచి మరో కాకోలపు అలికిడి వినిపిస్తే, ఆ పక్షి కంటికి కనిపించకపోయినా, ఎవరో చూస్తున్నట్టే ఇవి తమ మేతను జాగ్రత్తగా దాచుకుంటాయి, రంధ్రం మూసి ఉంటే, అలికిడి వినిపించినా ఆ జాగ్రత్త చూపవు. తాను చూడబడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోగల ప్రాణిని చూడటం రాయిని చూడటం లాంటిది కాదు. దృశ్యమే ద్రష్ట అయినచోట అకర్తగా ఉండటం మనిషికి సాధ్యం కాదు. అతని నిశ్చలత కూడా ఒక చర్యే, దానికీ పాపపుణ్యాల లెక్క వర్తిస్తుంది.

అందువల్ల ఈ సందర్భానికి సాక్షి అన్న భావం కంటే ఉపేక్ష అన్న భావమే దగ్గరగా ఉంటుంది. బౌద్ధంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల్లో, అంటే సాధకుడు పెంపొందించుకోవలసిన ఉదాత్త చిత్తస్థితుల్లో, ఉపేక్ష చివరిది; యోగసూత్రాలు కూడా ఈ నాలుగింటినీ చిత్తప్రసాదానికి మార్గాలుగా చెప్పాయి. ఐదో శతాబ్దపు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో ప్రతి సద్గుణానికీ ఒక సమీపశత్రువు, అంటే అదే సద్గుణంలా కనిపించి మోసం చేసే దుర్గుణం, ఉంటుందని వివరిస్తూ, ఉపేక్షకు సమీపశత్రువు అజ్ఞానం వల్ల పుట్టే పట్టనితనం అన్నాడు. గూటి ముందు ఈ రెంటికీ బయటి ఆకారం ఒకటే: రెండూ చేయి చాచవు. తేడా ఏమిటంటే, పట్టనితనానికి ఆ పిల్ల సంగతి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు; ఉపేక్షకు అంతా తెలుసు, తెలిసే తనను తాను ఆపుకుంటుంది, ఆ ఆపుకోవడానికి కారణం చెప్పగలదు.

ఆ కారణాలు మూడు. చివరిపిల్లకు మేత పెట్టాలన్నా, దాన్ని తీసుకుపోయి సాకాలన్నా మనిషి గూటిపైకి వెళ్ళాలి. ఆ వెళ్ళడం బతికే అవకాశమున్న మిగతా పిల్లలను అపాయంలో పడవేస్తుంది. మనిషి చేతిలో పెరిగిన కాకోలం తన జాతి సమాజంలో కలిసి బతకడం నేర్చుకోవడం కష్టం. అన్నిటికంటే, ప్రతి ఆకలినీ తీర్చడం మొదలుపెట్టిన చోట ఆ కొండ నిజస్థితి ఇక ఎవరికీ తెలియదు. తెలియని స్థితిని బాగుచేయడమూ సాధ్యం కాదు. దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది: కారణం ఏదైనా ఆ పిల్లకు ఆకలి ఆకలే, దాని బాధకు జాతి లెక్కలతోనూ గణాంకాలతోనూ పనిలేదు. ఈ ఆక్షేపణను కొట్టిపారేయలేము. అక్కడ ఒక బాధ మిగిలిపోతుందని ఒప్పుకోవడం నిజాయితీ. ఆ ఒప్పుకోలు లేని ఉపేక్ష బుద్ధఘోషుడు చెప్పిన సమీపశత్రువుగా మారిపోతుంది.

సాధారణంగా పరిశీలకులు పాటించే గీత ఇది: ప్రకృతి క్రమంలో వచ్చిన కష్టంలో జోక్యం వద్దు, మనిషి తెచ్చిన హానిలో జోక్యం తప్పనిసరి. విషం కలిపిన మాంసం పెట్టినా, గుడ్లు దొంగిలించినా, గూటిని కూల్చినా ఊరకుండకూడదు. 1981 నాటి బ్రిటిష్ వన్యప్రాణి చట్టం ప్రకారం అవి నేరాలు కూడా. ఈ గీత ఉపయోగకరమే గాని, చూస్తూ పోతే అది ఎంత సన్నదో తెలుస్తుంది. కొండ మీది గొర్రెలు మనిషి పెట్టినవే, కాబట్టి కళేబరాల సమృద్ధి కూడా మనిషి చేసిందే. దక్షిణ స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో మేతబీళ్ళను తీసేసి విశాలంగా శంఖాకార వృక్షాల తోటలు పెంచినచోట కాకోలాలు తరాలుగా ఉన్న చరియలను విడిచిపోయాయని మార్క్విస్, న్యూటన్, రాట్‌క్లిఫ్ అనే పరిశోధకులు 1978లో చూపారు. ఆ ఆకలి ప్రకృతిదా, మనిషిదా? దీర్ఘకాలపు నమోదు లేకపోతే ఈ ప్రశ్న వేయడమే సాధ్యమయ్యేది కాదు.

ఆ ముగ్గురు పరిశోధకుల్లో డెరెక్ రాట్‌క్లిఫ్ కథ ఈ విచారణకు మరింత లోతునిస్తుంది. కాకోలాలున్న చరియల్లోనే, తరచుగా వాటి పాత గూళ్ళలోనే గుడ్లు పెట్టే పెరిగ్రిన్ ఫాల్కన్ అనే బైరిడేగల గూళ్ళలో గుడ్లు పగిలిపోతున్నాయని గమనించిన ఆయన, పాత గుడ్ల సేకరణల్లోని పెంకులను తూచి, 1940ల చివరి నుంచి పెంకుల బరువు తగ్గిపోయిందని 1967లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. దాని వెనక ఉన్నది డీడీటీ అనే పురుగుమందని తర్వాతి పరిశోధనలు బలపరిచాయి, అలాంటి మందులపై ఆంక్షలు వచ్చాయి. ఆ సాక్ష్యం దొరికింది గూళ్ళను దోచినవారి అల్మారాల్లో. ఇలా హాని జరిగాక నేర్చుకోవడం మతగ్రంథాల్లోనూ ఉంది: ఖురాన్ ఐదో సూరాలో సోదరుణ్ణి చంపిన ఆదాము కుమారుడికి శవాన్ని ఎలా పూడ్చాలో చూపడానికి దేవుడు నేలను గీరే ఒక కాకిని పంపుతాడు. తప్పు చేసిన మనిషి అప్పుడే ఆ పక్షిని చూసి నేర్చుకుంటాడు, పశ్చాత్తాపపడతాడు. మనిషి ప్రకృతిని చూసే చూపు నిర్దోషి చూపు కాదనీ, తరచుగా అది హాని జరిగాక మొదలయ్యే చూపనీ రెండు కథలూ చెబుతాయి.

అందుకే సాక్షి పని చూడటంతో ముగియదు, సాక్ష్యం చెప్పాలి. 2018లో స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌బ్రాన్ ప్రాంతంలో, నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు మేలు కలుగుతుందేమో చూసేందుకు కాకోలాలను చంపే అనుమతిని ప్రభుత్వ సంరక్షణ సంస్థ ఇచ్చినప్పుడు, గూళ్ళ పరిశీలకుల సంఘమైన స్కాటిష్ రాప్టర్ స్టడీ గ్రూప్ దాన్ని బహిరంగంగా ఎదిరించింది. అనుమతి ఇచ్చిన సంస్థకే చెందిన శాస్త్ర సలహా సంఘం కూడా ప్రణాళికలో లోపాలు చూపడంతో అది ఆగింది. అయితే సాక్ష్యానికీ ఒక హద్దు ఉంది: గూటి చిరునామా చెప్పకూడదు. మహాభారత కర్ణపర్వంలో సత్యమే వ్రతంగా పెట్టుకున్న కౌశికుడు, దొంగలు అడిగితే దాక్కున్నవారి జాడ చెప్పి, వారి చావుకు కారణమై నరకానికి పోయాడని కృష్ణుడు అర్జునుడికి చెప్పిన ధర్మసూక్ష్మం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎన్ని గూళ్ళు నిలిచాయో చెప్పడం సత్యం. ఏ చరియలో ఉన్నాయో దొంగకు చెప్పడం హింస.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇలా తేలుతుంది. జోక్యం చేసుకోకుండా చూడటం దానంతట అది ధర్మమూ కాదు, అధర్మమూ కాదు. తన ఉనికి కలిగించే హానిని లెక్కవేసుకుని దూరం పాటించినప్పుడు, చూసిన బాధను బాధగా ఒప్పుకున్నప్పుడు, ఆ బాధలో మనుషుల వాటా ఎంతో కనిపెట్టి దాని గురించి నోరు విప్పినప్పుడు, రక్షణకు అవసరమైనచోట మౌనం వహించినప్పుడు మాత్రమే అది ధర్మమవుతుంది. ఈ నాలుగింటిలో ఒక్కటి లోపించినా మిగిలేది కుతూహలం మాత్రమే. శేషాచలంలోనైనా నల్లమలలోనైనా, హిమాలయ యాత్రలోనైనా, కెమెరా పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళే తెలుగువారికీ ఇదే కొలత వర్తిస్తుంది: తల్లి గూటి మీంచి లేచిపోయేంత దగ్గరికి వెళ్ళవద్దు, గూటి జాడ పదిమందికీ చాటవద్దు, అక్కడ మనుషుల వల్ల హాని జరుగుతోందని తెలిస్తే అటవీశాఖకు చెప్పకుండా ఊరుకోవద్దు.